తచో కారు మోత

"మళ్ళీ స్టార్ట్ చెయ్యరా," అన్నాడు తచో, తుపాకీ తీసి పనిబల్ల మీద పెడుతూ.

మెకానిక్ ఓల్విన్ తాళం తిప్పాడు. చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగా తిరిగిన ఇంజను, వేడెక్కగానే కటకటమని మొదలెట్టింది. బీన్స్ కూరిన బలియాదా రొట్టెల ప్లేటుతో గ్యారేజీ గుమ్మంలో నిలబడ్డ, పక్కనే టిఫిన్లమ్మే మిర్తా గుండె ఝల్లుమంది.

శాన్ పెద్రో సులా నగరంలో ఆ పేటకి ఆ మోతే హెచ్చరిక. తచో ముఠాలో చేరనని మొండికేసిన ఆమె కొడుకు జైరో, ఇప్పటికి రెండుసార్లు అది విని వెనక గోడ దూకి బతికాడు.

"వీధి మొదట్లో ఉండగానే అందరూ కలుగుల్లో దూరుతున్నారు. ఇవాళ దీని నోరు మూయించు. లేకపోతే నీ నోరు నేను మూయిస్తా," అన్నాడు తచో.

ఓల్విన్ స్కానర్ చూశాడు. "క్యామ్ టైమింగ్ వెనకబడుతోందన్నా. దాన్ని సర్దే గేరుకి నూనె సరిగా అందట్లేదు." ఆ నూనెని వదిలే వాల్వు, సోలెనాయిడ్, ఊడదీసి చూపించాడు. దాని జల్లెడ నిండా నల్లటి మడ్డి. "ఇదిగో దొంగ! కొత్తది వేస్తా. అప్పటికీ తగ్గలేదంటే గేరే అరిగినట్టు. అది బయటి దేశం నుంచి రావాలి, నెలలు పడుతుంది."

పెట్టె చించి, మెరిసిపోతున్న కొత్త సోలెనాయిడ్ బయటికి తీశాడు.

"ముందు తిను ఓల్విన్, రేపు చేద్దువుగానిలే," అంది మిర్తా.

"నీ పని నువ్వు చూసుకో. అన్నకి వేడిగా వడ్డించక గుడ్లప్పగించి చూస్తావేం?" కసిరాడు ఓల్విన్.

చిన్నప్పుడు జైరోని భుజాలమీద తిప్పినవాడు! మిర్తాకి ఒళ్ళు మండిపోయింది. తచో ఇటు తిరిగి బలియాదా అందుకున్నాడు.

"ఏమక్కా, మీవాడు కనబడట్లేదే? సాయంత్రం నేనే వచ్చి పలకరిస్తాలే."

ఆమె చేతిలో ప్లేటు ఒరిగి బీన్స్ నేలపాలయ్యాయి.

అతను తీరిగ్గా తిని, సిగరెట్ కాల్చేసరికి ఓల్విన్ మూత బిగించేశాడు. ఈలోగా చల్లారిన ఇంజను ఈసారి కిక్కురుమనలేదు. తచో అతని వీపు చరిచి, కారెక్కి వెళ్ళిపోయాడు. మిర్తా ప్లేటు సంగతే మరిచి ఇంటికి పరిగెత్తింది.

ఊరు దాటించే బస్సు మర్నాడు గానీ లేదు. తల్లీ కొడుకులు చీకట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. ఇక ఏ చప్పుడూ లేకుండానే వస్తాడు. ఎండుటాకు కదిలినా మిర్తాకి ప్రాణం పోతోంది.

అంతలో వీధి మొదట్లోంచి, కటకటకట!

జైరో గోడ దూకేశాడు.

తెల్లారి వాణ్ణి బస్సెక్కించి, మిర్తా నేరుగా గ్యారేజీకి వెళ్ళింది. అప్పుడే తచో వచ్చి, బండబూతులు తిట్టి, గేరు తెప్పించమని చెప్పి వెళ్ళాడట. ఓల్విన్ పెదవి చిట్లి ఉంది.

"బాగా అయింది నీకు! నీ పనితనం ఒక్క పూట నిలవలేదు కాబట్టి నా బిడ్డ దక్కాడు."

ఓల్విన్ పనిబల్ల మీది మసిగుడ్డ వైపు చూపించి, "నీ ప్లేటు తీసుకెళ్ళు," అన్నాడు.

ఆమె విసురుగా గుడ్డ లాగింది.

కారుకి ఎక్కాల్సిన కొత్త సోలెనాయిడ్ ప్లేటులోనే ఉంది.