జూలుకు రాసిన తాయెత్తు

“ఈ మెడ వేసుకుని నా వరసలోకి రాకు బూషాయిబ్. జుట్టు లేని గుర్రానికి జట్టులో చోటు లేదు,” అన్నాడు సీ మాటీ.

తుపాకులు పేలుస్తూ దౌడు తీసే గుర్రపు జట్టుకు ఆయనే పెద్ద. ఎల్లుండే జాతర. దుక్కాలా ప్రాంతపు జనమంతా మైదానం చుట్టూ చేరే రోజు. ఆ వరసలో నిలబడాల్సిన బూషాయిబ్ గుర్రం మబ్రూక్‌కి చెవుల వెనక, నల్లటి జూలు మధ్యలో, అరచేయంత బోడి. అది గజ్జి అయితే పక్క గుర్రాలకూ అంటుతుందనీ, కాదని మసీదు గురువు ఫకీహ్ నోటితో చెప్పిస్తేనే రానిస్తాననీ సీ మాటీ తేల్చేశాడు. సీ మాటీ మాటంటే మాటే.

బూషాయిబ్ లబోదిబోమన్నాడు. జూలు కోసం తను చేయని పని లేదన్నాడు. గోడకు రుద్దుకోకుండా ముళ్ళకంప కట్టాడు. తలతాడుకు గొర్రెతోలు చుట్టాడు. కప్పే దుప్పటికి లోపల పట్టుగుడ్డ కుట్టించాడు. ఆ పట్టు తన పెళ్ళినాటి కఫ్తానుదని భార్య యామ్నా మధ్యలో గుర్తు చేసింది. అన్నిటికీ మించి ఫకీహ్ స్వహస్తాలతో రాసిచ్చిన తాయెత్తు మెడకు కట్టాడు. జూలు ఇంకా ఊడితే, ఇంకా బిగించి కట్టాడు.

యామ్నా గుర్రం దగ్గరికెళ్ళి తాయెత్తు కింద వేలు పెట్టబోయింది. వేలు దూరలేదు.

“ఏమయ్యా, ఫకీహ్‌గారు రాసింది ఒక్కసారే. నువ్వు కట్టింది మాత్రం రోజంతా రాసుకుంటూనే ఉంది,” అంది.

తాయెత్తును తప్పుపడితే కళ్ళు పోతాయని బూషాయిబ్ చెవులు మూసుకున్నాడు. తాయెత్తు వల్ల కళ్ళు పోవడం సంగతేమో గానీ జూలు పోవడం కళ్ళారా చూస్తున్నానంది యామ్నా. జాతరనాడు తను తుపాకీ పేల్చాలా, జనంలో కూర్చుని వేరుశనగకాయలు పేల్చాలా అని బూషాయిబ్ ఏడుపు. ఇలా వాదించుకుంటూనే గుర్రాన్ని నడిపించుకుని మసీదు వాకిట్లోకి వచ్చారు. వెనకాలే సీ మాటీ.

ఫకీహ్ సీ జిలాలీ పిల్లలకు చదువూ, గుర్రాలకు వైద్యమూ చెప్పే పెద్దాయన. బోడి మచ్చను వేలితో తడిమి, పోయిన నెల తనిచ్చిన కాగితం ఏదని అడిగాడు.

“మెడలోనే ఉంది సీదీ. మేకతోలులో పెట్టి నాలుగు వైపులా కుట్టించాను. గాలి కూడా తగలనివ్వలేదు,” అన్నాడు అక్షరం ముక్క రాని బూషాయిబ్, గర్వంగా.

ఫకీహ్ చాకు తీసి కుట్లు కోశాడు. కాగితం విప్పి గట్టిగా చదివాడు.

“ఇది గజ్జి కాదు, తాడు రాపిడి. నలభై రోజులు మెడకు ఏమీ కట్టకు. పూటపూటా ఆలివ్ నూనె రాయి.” కాగితం మడిచి బూషాయిబ్ చేతిలో పెట్టాడు. “చదివించుకోమని ఇచ్చాను నాయనా, కట్టమని కాదు.”

యామ్నా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బూషాయిబ్ నవ్వాలో ఏడవాలో తెలియక సీ మాటీ వైపు చూశాడు. గజ్జి కాదని తేలింది కదా, ఇక మాట ఆయనదే.

గుర్రాన్ని ఎల్లుండి వరసలోకి తెచ్చుకోమన్నాడు సీ మాటీ, ధ్యాస ఎక్కడో పెట్టి. ఆ తరవాత అటూ ఇటూ చూసి, ఫకీహ్ దగ్గరగా జరిగి, మెల్లగా తలపాగా విప్పాడు. గుమ్మడికాయలా నున్నగా మెరుస్తున్న ఆ నడినెత్తి మీద, గడ్డం కిందుగా బిగించి కట్టిన సన్నటి తాడుకు, ఒక తోలు తాయెత్తు.

“సీదీ, ఇందులో ఏం రాశారో కాస్త చదివిపెడతారా?”