ఇంటి బ్యాటరీ

డగడగమంటూ ఇంజను మళ్ళీ మొదలైంది.

అప్పుడే కన్ను మూసిన పసివాడు ఉలిక్కిపడి గుక్కపట్టాడు.

తెరచాపలు కుట్టే ఆమె చేతిలోని సూదిని బల్ల మీద పడేసింది. “చంపేస్తున్నాడు బాబూ ఆ ముసలాయన!”

అత్తగారు మనవణ్ణి భుజాన వేసుకుంది. “ఆ ఇంజనైనా కాసేపటికి ఆగుతుంది. నీ నోరే ఆగదు.”

“మీకేం అత్తయ్యా, నెత్తిన పిడుగు పడ్డా నిద్రపోతారు.”

ఆమెకు అసలే నిద్ర కరువు. రాత్రంతా పిల్లాడితో, పగలంతా కుట్టుపనితో సరిపోతుంది. పైగా భర్త దిగులొకటి. ఎదుటి దీవిలో వడ్రంగం పని అతనిది. ఇంజను లేని చిన్న తెరచాప పడవలో చీకటి పడ్డాక తిరిగొస్తాడు. రేవు ముందంతా రాళ్ళే. అతను మెట్లెక్కే చప్పుడు వినేదాకా ఆమెకు కాలు ఒకచోట నిలవదు.

విసవిసా రేవు గోడ చివరికి నడిచింది. ముసలాయన కాపురముండే పడవ అక్కడే కట్టి ఉంది. నిరుడు ఎక్కడినుంచో వచ్చాడు. ఊరేదో పేరేదో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

“పెద్దాయనా! ఒక్క మనిషికి ఇంత చప్పుడు ఎందుకండీ?”

ఆయన పడవ గదిలోంచి తల బయటపెట్టాడు. “బ్యాటరీ నింపుకుంటున్నానమ్మా. ఈ మబ్బుల్లో సోలార్ పలక చాలడంలేదు.”

“పొద్దున నింపారుగా!”

“అది ఇంజన్ని లేపే బ్యాటరీ. దానికి కాసేపు చాలు. ఇంటి బ్యాటరీ వేరే ఉంది. దీపం, నీళ్ళ పంపు దానిమీదే. అది నిండడానికే ఆలస్యం.”

“ఆ నిండినదానిమీదే దీపం వెలిగించుకోవచ్చుగా?”

ఆయన నవ్వాడు. “విత్తనాల గింజలు వండుకు తింటామా తల్లీ? అది ఖాళీ అయితే ఇంజను లేవదు. ఇంజను లేవకపోతే ఈ రెండోదాన్ని నింపేదెవరు?”

“అయితే దీపమే తగ్గించుకోండి. ఒంటి మనిషి, రాత్రిపూట తెరచాప కొయ్య మీద అంత దీపం దేనికి?”

ఆయన ఆమె ముఖంలోకి వింతగా చూశాడు.

“నువ్వా అమ్మా ఆ మాట అడిగేది?”

“నేను కాక ఇంకెవరడుగుతారు? ఈ రొద పడేది నేనేగా!”

ఆ కోపంతోనే తిన్నగా రేవు ఆఫీసుకు వెళ్ళింది. అధికారికీ ఆ చప్పుడంటే చిరాకే. సాయంత్రానికల్లా ముసలాయనకు కబురు వెళ్ళిపోయింది. ఇంజనైనా కట్టేయాలి, రేవైనా వదిలేయాలి.

మర్నాడు భర్త పనికి వెళ్ళిన కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. ముసలాయన!

“వెళ్తున్నానమ్మా. మీ ఆయన్ని ఈ రోజు నుంచి పొద్దుండగానే వచ్చేయమని చెప్పు.”

ఆమెకు ఒళ్ళు మండింది. పోతూ పోతూ బెదిరింపా?

“మా ఆయన ఎప్పుడు రావాలో మీరు చెప్పాలా?”

“అది కాదు తల్లీ, దీపం...”

“ఆ దీపం గోలతోనేగా చచ్చాం ఇన్నాళ్ళూ!”

ధడాలున తలుపు వేసింది. ఈసారి పిల్లాణ్ణి లేపింది ఆ తలుపే.

మధ్యాహ్నానికి రేవంతా సద్దుమణిగింది. పిల్లాడు హాయిగా నిద్రపోయాడు. ఆమెకే ఎందుకో కంటిమీదకి కునుకు రాలేదు. కుట్టింది విప్పింది, విప్పింది మళ్ళీ కుట్టింది. భర్తకు ఫోన్ చేద్దామా అనుకుంది. చేస్తే ముసలాయన మాట నెగ్గినట్టవుతుందని మానేసింది.

చీకటి పడింది. మెట్ల మీద చప్పుడు లేదు.

అప్పుడు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

“వస్తాడులేవే, గాలి తగ్గిందేమో,” అంది అత్తగారు. ఆవిడ గొంతులోనూ పస లేదు.

తెల్లవారాక చేపల పడవవాళ్ళు అతన్ని రేవుకు తీసుకొచ్చారు. అతని పడవ రాళ్ళకు తగిలి ముక్కలైందట. రాత్రంతా ఒక పలకను పట్టుకుని తేలాడట. కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగి వేలాడుతోంది. వడ్రంగికి కుడిచెయ్యే కదా బతుకు.

ఆమె ఏడుస్తూ అతనికి దుప్పటి కప్పింది. అధికారి పరుగున వచ్చాడు.

అతన్ని చూడగానే భర్త పళ్ళు పటపట కొరికాడు. “రేవు దీపం ఎందుకు ఆర్పేశారు?”

“ఆర్పడమేమిటయ్యా? అది పాడై ఏడాది దాటింది.”

“మరి బాగుచేయించరా?”

“ఎవరైనా అడిగితే కదా! అందరూ పొద్దుండగానే వచ్చేస్తారు. చీకట్లో వచ్చేది నువ్వొక్కడివే. నువ్వూ రోజూ క్షేమంగానే వస్తున్నావు కదా అని ఊరుకున్నాం.”

“దీపం చూసుకునే కదా వచ్చాను! మొన్న కూడా వెలిగింది. ఇక్కడే, ఈ గోడ చివరే, ఎత్తుగా! నిన్న ఎంత వెతికినా కనిపించలేదు.”

అధికారి అయోమయంగా చూశాడు.

ఆమె గోడ చివరివైపు చూసింది. అక్కడ పడవ లేదు, వట్టి నీళ్ళే.

భర్త ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“అది రేవు దీపం కాదండీ... మీరు ఒడ్డు చేరాలని రోజూ బ్యాటరీ నింపి, తన తెరచాప కొయ్య మీద ఆ ముసలాయన వెలిగించిన దీపం. ఆయన్నే నేను వెళ్ళగొట్టాను.”