కిందికి దిగే పాట

“దానికి పాడకు. అది చెరువు,” అన్నాడు పక్క కుర్చీలోని ముసలాయన.

ఎత్తబోయిన చెయ్యి దించుకుంది వెర్నా. “చెరువా?”

“సగం చెరువు, సగం బురద. చూడకుండా పాడినవాళ్ళకి కప్పలు దక్కుతాయి.”

కౌంటీ కోర్టు భవనం పై అంతస్తులో వేలంపాట జరుగుతోంది. పన్ను కట్టని ఆస్తుల నంబర్లు గుమాస్తా ఒక్కొక్కటే చదువుతున్నాడు. ఆ పన్ను ఇవాళ ఎవరు కడితే, సొంతదారు వాళ్ళకి వడ్డీతో సహా బాకీ తీర్చాలి. గడువులోగా తీర్చకపోతే ఆస్తే వాళ్ళదైపోతుంది. అందుకే ఇక్కడ పాట పైకి పోదు. పద్ధెనిమిది శాతం వడ్డీ దగ్గర మొదలై కిందికి దిగుతుంది. ఎవరు తక్కువ వడ్డీకి ఒప్పుకుంటే వాళ్ళదే గెలుపు.

ఇదంతా విడమరిచి చెప్పింది ఆ ముసలాయనే. పేరు ఆర్లో అన్నాడు. పాడేవాళ్ళందరి చేతిలోనూ ఉన్న నంబరు అట్ట ఆయన చేతిలో లేదు.

“మీరు పాడరా?”

“ఊరికే వస్తాను. నవంబరులో ఈ హాలు వెచ్చగా ఉంటుంది. పైగా డోనట్లు ఊరికే ఇస్తారు.” సగం తిన్న డోనట్‌ని కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఒంటరివాళ్ళని ఒంటరివాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. ఈయన ఇంట్లో హీటర్ వేసుకోవడానికి కూడా జంకుతాడేమో అనుకుంది వెర్నా. తనూ అంతే.

“ఇంతకీ నీ కన్ను దేనిమీద, అమ్మాయ్?”

ఆమె తటపటాయించింది. పైకి చెబితే చేజారిపోతుందేమోనని భయం. కానీ ఏం కావాలని ఆమెని అడిగినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు.

“మేపుల్ వీధి చివర ఆకుపచ్చ ఇల్లు. ముందు వరండా ఉంటుంది చూడండి, అది.”

“దగ్గరికెళ్ళి చూశావా?”

“మెట్టు మీద కాలు పెట్టానో లేదో కుక్క మొరగడం లంకించుకుంది. కిటికీ నిండా అదే. అంత లావు కుక్కని నేనెక్కడా చూళ్ళేదు.”

ఆర్లో పొట్ట కదిలేలా నవ్వాడు. “ఆ ఇంట్లో ఏం చేస్తావు?”

“వరండాలో కుట్టుమిషను వేసుకుంటాను. ఇప్పుడుండేది లాండ్రీ షాపు మీద గది. పొద్దస్తమానం నేల వణుకుతూనే ఉంటుంది. సూదిలో దారం ఎక్కించాలంటే కింద మిషన్లు ఆగాలి.”

“మరి వాకిట్లో ఆ వాల్‌నట్ చెట్టు?”

“కొట్టించేస్తాను. వెలుతురుకి అడ్డం.”

ఆయన జేబులోని డోనట్ పొట్లాన్ని తడుముకున్నాడు. తర్వాత, “ఇంటి కప్పు కారుతుంది,” అన్నాడు. “వాన పడితే నేలమాళిగలో నీళ్ళు.”

“మీకెలా తెలుసు?”

“ఆ వీధిలో అన్నిళ్ళూ అంతే.”

వెర్నాకి అనుమానం పుట్టింది. కావలసినదానికే వంకలు పెడతారు మనుషులు. ఈయనకీ దానిమీద ఆశ ఉందేమో! అంతలోనే తన బుద్ధి తనకే వింతగా తోచింది. కప్పల పాలు కాకుండా కాపాడిన మనిషిని ఇలా తూచడమేమిటి?

“ఆ ఇంటాయన బాకీ తీరుస్తాడంటారా?” అంది మెల్లగా.

“గడువు బోలెడుంది. మనిషన్నాక ఆశ ఉంటుందిగా.”

తీర్చకపోతే బాగుండునని ఆమెకి అనిపించింది. ముఖమైనా తెలియని మనిషి చెడిపోవాలని కోరుకుంటున్నందుకు సిగ్గేసింది. అయినా ఆ కోరిక కదల్లేదు. పెళ్ళిగౌన్ల అంచులు మడిచి కుట్టి కూడబెట్టినదంతా ఒళ్ళోని సంచీలో ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఆకుపచ్చ ఇంటి నంబరు వచ్చింది.

“పద్ధెనిమిది,” అన్నాడు ముందు వరసలో టోపీ మనిషి డెల్. పొద్దుట్నుంచీ ఆస్తులు గంపగుత్తగా ఎత్తుకుపోతున్నది అతనే.

“పన్నెండు!” వెర్నా గొంతు కీచుమంది.

డెల్ వెనక్కి తిరిగాడు. “ఏమ్మా, కొత్తా? పది.”

“ఎనిమిది.”

“ఆరు.”

ఆమె ఆగిపోయింది. ఆర్లో ఆమె చెవి దగ్గరికి వంగాడు. “నీకు వడ్డీ కావాలా, ఇల్లు కావాలా?”

“ఇల్లు.”

“మరి వడ్డీ పట్టుకుని వేళ్ళాడతావేం? దిగు.”

“నాలుగు,” అంది.

“మూడు,” అన్నాడు డెల్.

“ఇంకా దిగు.”

“సున్నా!”

హాలంతా గొల్లున నవ్వింది. డెల్ పెన్ను కింద పడేసి, ఆమెని కాదు, ఆర్లోని చూశాడు. “ఈ ఏడు కూడా నీ పక్క కుర్చీయే గెలిచిందయ్యా!”

అదృష్టం కలిసొచ్చే కుర్చీ అన్నమాట, అనుకుంది వెర్నా. కళ్ళు చెమర్చాయి. ఆర్లో చెయ్యి పట్టుకుని, “మీరు లేకపోతే నాకిది దక్కేది కాదు,” అంది.

“అంతమాటెందుకు? నేనే నీకు థాంక్స్ చెప్పాలి.”

“నాకా? ఎందుకు?”

“పొద్దుపోయింది కదా హాయిగా,” అంటూ ఆయన టోపీ పెట్టుకున్నాడు.

డబ్బు కట్టేసి, వెలుతురుండగానే మేపుల్ వీధికి వెళ్ళింది వెర్నా. ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడి వరండాని కళ్ళతోనే కొలుచుకుంది. మిషను ఆ మూల, కుర్చీ ఈ మూల. వాల్‌నట్ ఆకులన్నీ రాలిపోయాయి. కొమ్మల మధ్యనుంచి వెలుతురు బాగానే పడుతోంది. చెట్టు కొట్టించక్కర్లేదేమో.

వీధి మలుపులో ఆర్లో కనిపించాడు. నడుచుకుంటూ ఇటే వస్తున్నాడు. తను గెలిచిన ఇల్లు చూద్దామని ఇంత దూరం వచ్చాడు కాబోలు! ఆమెకి గుండె నిండిపోయింది. ఆయన వాకిలి దాటి మెట్ల వైపు మళ్ళాడు.

“జాగ్రత్త, కుక్కుంది!” అని కేకేసింది. ఆయనకి వినబడినట్టు లేదు.

మెట్లెక్కి, బూట్లు గుమ్మం ముందు గుడ్డకి తుడుచుకుని, ఒక జేబులోంచి సగం డోనట్ తీశాడు.

రెండో జేబులోంచి తాళంచెవి తీశాడు.