పోలయ్య నత్త

విశాఖ మ్యూజియంలో సముద్ర జీవుల సీసాలను ఇప్పుడు యంత్రమే సర్దుతుంది. జాతికి ఒక్క సీసా. వర్గీకరణ మారిందంటే తెల్లారేసరికి అలమరా కూడా మారిపోతుంది.

ఊడ్చడానికి వచ్చిన కాసులమ్మకు గుల్ల లేని సముద్రపు నత్త సీసా కనబడలేదు. పన్నెండేళ్ల కిందట ఆ నత్తను పడవలోకి అందించి మళ్లీ మునిగిన ఆమె భర్త పోలయ్య ఇక పైకి రాలేదు. శవమైనా దొరకలేదు. అది కొత్త జాతి అని చెప్పి, దానికి పోలయ్య పేరే పెట్టారు. ఏటా ఆయన పోయిన రోజున కాసులమ్మ ఆ సీసా ముందే కూడు పెట్టేది.

“అది పాత జాతేనని యంత్రం తేల్చిందమ్మా. ఆ పేరు కొట్టేసి, సీసా తీసేసింది,” అన్నాడు క్యూరేటర్.

కాసులమ్మ ఖాళీ చోటును కొంగుతో తుడిచింది.

“రేపే బాబూ, ఆయన పోయిన రోజు. మరి కూడెక్కడెట్టాల?”