పెట్టెలో చప్పరింపు

చవకలో పని కానిద్దామని రేడియో మెకానిక్ మాంసం కొట్టువాడు పారేసిన ఐసుపెట్టెలో రెండు వాకీటాకీలు బిగించి, పైన సోలార్ పలక పెట్టి, గుట్టమీద నిలబెట్టాడు. ఇటువైపు మాటను అందుకుని అటువైపుకు చేరవేయాలి అది. అది లేకపోతే గుట్టకు అవతలున్న బావకు ఇతని గొంతు చేరదు.

సాయంత్రం నుంచి బావ ఒకటే గొణుగుడు. "మాట మధ్యలో ఆ చప్పరింపేంట్రా? తింటూ మాట్లాడుతున్నావా?"

చీకటి పడ్డాక మెకానిక్ గుట్టెక్కి మూత తీశాడు. ఎన్నిసార్లు కడిగినా వదలని కుళ్లు కంపు గుప్పుమంది. వైర్లన్నీ ఎవరో నాకినట్టు జిగటగా, తడిగా ఉన్నాయి. బ్యాటరీ వైరును ఏదో కొరికేసింది. తెగిన కొసను పట్టుకుంటే వేళ్లకు వెచ్చటి సొంగ అంటింది. పాడు కక్కుర్తి అని తన్ను తానే తిట్టుకుంటూ చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. కరెంటు అందని పెట్టె ఇక మాటను మోయలేదు.

గుట్టమీద నుంచి అవతలికి నేరుగానే అందుతుంది; నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. అతనింకా దాన్ని ముట్టుకోనేలేదు.

"ఇప్పుడు నీ గొంతు బాగా వినిపిస్తోంది బామ్మర్దీ," అన్నాడు బావ. "పిలిచావుగా, పైకొస్తున్నాలే. ఆకలేస్తోందని మరీ అలా చప్పరిస్తూ చెప్పాలా, ఛీ."