గాలికి లైసెన్సు

వైర్‌లెస్ తనిఖీ ఆఫీసు వ్యాను నల్లగండ్ల సందులోకి తిరగడం డాబా మీది నుంచి చూసిన రాజేందర్ చటుక్కున వెనక్కి తగ్గాడు.

ఇంటర్నెట్ కంపెనీ ఏజెంటుగా ఆ డాబా మీద అతను బిగించిన యాంటెన్నాతోనే చుట్టుపక్కల అరవై ఇళ్లకు నెట్ అందుతోంది. తీగ లేదు, లైసెన్సూ లేదు. లైసెన్సు అక్కర్లేదనే చెప్పాడు యాంటెన్నా అమ్మినవాడు. రాజేందర్ నమ్మితేగా! కుళాయి కనెక్షన్‌కే మూడు కాయితాలు అడిగే సర్కారు, గాలిలో సిగ్నల్ ఊరికే పంపుకోనిస్తుందా? రెండేళ్లుగా ఈ రోజు వస్తుందనే భయపడుతున్నాడు. యాంటెన్నా పోతే బతుకుదెరువు పోయినట్టే. పైగా కేసు.

తెలంగాణ బంద్ కదా, ఇవాళైనా ఎవరూ రారనుకున్నాడు పాపం. పొద్దున ర్యాలీకి వేసుకెళ్లిన ఉద్యమ కండువా ఇంకా మెడలోనే ఉంది. మెయిన్ రోడ్డు మీది నినాదాలు సందు వైపు వస్తున్నాయి.

వ్యాను దిగిన ఆఫీసరు దాదాపు పరుగున గేటులోకి వచ్చాడు. పరుగున వస్తున్నాడంటే పక్కా సమాచారం ఉన్నట్టే. దాక్కుందామంటే డాబా మీద చోటేదీ?

ఆఫీసరు రొప్పుతూ పైకొచ్చాడు. వస్తూనే తలుపు గడియ పెట్టేశాడు. మెడలో కార్డు మీద రామబ్రహ్మం అని పేరు.

"కిందికి ఇంకో దారుందాండీ?"

"లేదు సార్," అన్నాడు రాజేందర్. పారిపోకుండా కట్టుదిట్టం చేసుకుంటున్నాడన్నమాట.

ఆఫీసరు పిట్టగోడ పక్కన వంగి సందులోకి తొంగిచూశాడు. పోలీసులను కూడా పిలిపించినట్టున్నాడు. తర్వాత అతని చూపు రాజేందర్ కండువా మీద నిలిచిపోయింది. ఇక అయిపోయింది, ఉద్యమం మనిషని కూడా రాసుకుంటాడు.

రాజేందర్ తట్టుకోలేకపోయాడు. అడగకుండానే అంతా ఒప్పేసుకున్నాడు. స్పానర్ తీసి యాంటెన్నా బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

"నేనే తీసేస్త సార్. కేసు మాత్రం పెట్టకుండ్రి. ఇద్దరు పిల్లలున్నరు."

ఆఫీసరు అయోమయంగా చూశాడు. "దాన్నెందుకు విప్పుతున్నారండీ? ఆ తరంగాలకు లైసెన్సు అక్కర్లేదని కేంద్రం ఎప్పుడో చెప్పేసింది."

రాజేందర్ చేతిలో స్పానర్ ఆగిపోయింది. "మరి ఎందుకొచ్చిన్రు సార్?"

నినాదాలు సరిగ్గా గేటు ముందుకు వచ్చాయి. రామబ్రహ్మం గోడ చాటున చతికిలబడి గొంతు తగ్గించాడు.

"బంద్ రోజు డ్యూటీ చేస్తున్నానని మా వ్యాను వెంట పడ్డారండీ, వాళ్లు వెళ్లాక నేను ఇల్లు చేరేదాకా ఆ కండువా కాస్త ఇస్తారా?"