ఉదయగిరి సీసా

"సొంత సీసాలు ఇక్కడ పరీక్ష చెయ్యకూడదని తెలీదా?" పెంచలనరసయ్య గద్దించాడు.

ఆత్మకూరులోని ఆ మందుల పరీక్షశాలకు ఆయనే పెద్ద. ఎదురుగా నిలబడింది రాఘవమ్మ. ఆరు నెలల శిక్షణ ముగించి, ఆ పొద్దుటే అనలిస్టుగా ఉత్తర్వు అందుకుంది. చేతిలో సగం నిండిన పాత సీసా, మూతకు లక్క.

"ఈ ఒక్కటీ చెయ్యనీండి సార్. దీనికోసమే ఇంత చదువు చదివినాను."

"ఏందది?"

"క్వినైన్ మందు. ఎనిమిదేళ్ల కిందట ఉదయగిరిలో ఒక బిడ్డకు చలిజరమొస్తే కాంపౌండర్ కలిపిచ్చినాడు. రెండు దినాలు తాగి బిడ్డ చచ్చిపోయింది. అసలు మందు అమ్ముకుని రంగునీళ్లు పోసినాడని, మిగిలిన ఈ సీసా వీధిలో పారేసి ఊరంతా రాళ్లు తీసుకున్నారు."

"ఆ కాంపౌండర్ ఏమైనాడు?"

"ఆ పొద్దే బాయిలో దూకినాడు."

పెంచలనరసయ్య మెత్తబడ్డాడు. పోయిన బిడ్డ ఈమెకు తమ్ముడో, చెల్లెలో! అడిగి పుండు రేపడమెందుకని ఊరుకున్నాడు.

"సరే, కానీ."

రాఘవమ్మ మందులో నాలుగు చుక్కల ఆసిడ్ వేసి, గాజుగొట్టాన్ని కిటికీలో ఎండకు పట్టింది. లేత నీలం వెలుగు కదిలింది.

"క్వినైన్ ఉండాదే!" అన్నాడాయన.

"ఎంత ఉండాదో చూడాల సార్."

మధ్యాహ్నందాకా తిండి మాటే తలవలేదు. మందులోంచి క్వినైన్‌ను విడదీసి, ఆరబెట్టి, తక్కెడ దగ్గరకు తెచ్చింది. తీరా తూచబోతే తూకపురాయి చేజారింది. పెంచలనరసయ్య ఆమెను పక్కకు జరిపి తానే తూచాడు. నమ్మలేక మళ్లీ తూచాడు.

ఎనిమిదేళ్లుగా ఒకడి మీద పగతో బతికిన పిల్లకు ఈ సంగతి ఎట్లా చెప్పడం?

"అమ్మా, ఉండాల్సినంతా ఉండాది. రవ్వంత తగ్గలేదు. జరం ముదిరి బిడ్డ పోయుంటుంది. ఆయన తప్పేం లేదు. ఇంక ఆయన్ని తిట్టుకోబాక."

రాఘవమ్మ రిపోర్టు రాసి, అనలిస్టుగా తొలి సంతకం పెట్టింది. కలం వదిలేసి అట్లాగే నేలమీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు.

"ఊరుకోమ్మా. ఊరోళ్లు చేసినదానికి నువ్వేం చేస్తావు?"

"రాళ్లు తప్పించుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చినాడు సార్. 'నేనే పాపం ఎరగను, తలుపు తియ్యి తల్లీ' అని మొత్తుకున్నాడు. గడియ తియ్యంది నేనే... ఆయన మా నాయన."